కుర్చీ పెట్టిన చోట కారు పెట్టొచ్చా?

ప్రశ్న: చికాగోకు కొత్తగా వచ్చాం. మా వీధిలో మంచు తవ్విన చోట ఎవరో పాత కుర్చీ పెట్టి వెళ్తున్నారు. దాన్ని జరిపి మా కారు పెట్టుకోవచ్చా?

జవాబు: వీధి అందరిదీ. చట్టప్రకారం ఆ కుర్చీకి హక్కేమీ లేదండీ. కానీ ఆ చోటు కోసం ఎవరో పార పట్టి నడుం విరగ్గొట్టుకున్నారు. జరపకండి, మీ చోటు మీరే తవ్వుకోండి. ఆ మంచును రోడ్డు మీదికో పక్క కారు మీదికో తోయకండి.

అసలు జాగ్రత్త వేరే ఉంది. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు కొన్ని ప్రధాన రోడ్లపై తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా, మంచు పడకున్నా కారు ఉంచకూడదు. ఉంచితే లాక్కెళ్తారు. మరికొన్నిచోట్ల 2 అంగుళాల మంచు పడితే ఏ వేళైనా కారు తీసేయాల్సిందే. బోర్డు చదివాకే కారు పెట్టండి.

కారు కనిపించకపోతే నగర సేవల నంబరు 311కు ఫోన్ చేయండి. ఎవరైనా బెదిరించినా, కారు పాడుచేసినా పోలీసులకు చెప్పండి.