పాలిస్టర్ చీరలో చిటపటలెందుకు?

ప్రశ్న: మాది మరమగ్గాల కుటుంబం. చలికాలం రాత్రుళ్లు పాలిస్టర్ చీర మడతపెడుతుంటే చిటపటమని చిన్న మెరుపులు వస్తున్నాయి. నూలు చీరకు రావు. ఎందుకు? ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, డిండోలి, సూరత్

జవాబు: భయపడకండమ్మా, అది స్థిర విద్యుత్తు. రెండు బట్టలు రాసుకుంటే ఒకదాని ఎలక్ట్రాన్లు మరోదానిపైకి చేరి, విద్యుదావేశం ఏర్పడుతుంది. నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది. ఆ తేమ గుండా ఆవేశం జారిపోతుంది. పాలిస్టర్ పట్టేది అర శాతం లోపే. అందుకే పొడిగాలిలో ఆవేశం పోగుపడి, చివరికి మెరుపై దూకుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా, ప్రవహించే విద్యుత్తు అత్యల్పం కాబట్టి ఒంటికి హాని లేదు. లోపల నూలు లంగా కట్టుకోండి, మడతపెట్టే ముందు చేతులు కాస్త తడి చేసుకోండి. పెట్రోలు, గ్యాస్ దగ్గర మాత్రం జాగ్రత్త.