పసిపిల్లల నెత్తురులో ఇనుము తక్కువైతే ఎట్లా తెలుస్తుంది?



పిల్లవాడు మన్ను తింటున్నాడు. గోడ సున్నం గీకి నాకుతున్నాడు. బలపం కొరుకుతున్నాడు. మనం ఏం చేస్తాం? వీపు మీద ఒకటి వేస్తాం. "పాడు అలవాటు" అంటాం. అది ఉత్త అలవాటు కాకపోవచ్చు. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లలు ఇట్లాంటివి తింటారు.

ఇనుమా? గొడ్డలిలో ఉండే ఇనుమేనా? అవును, అదే. మన నెత్తురులో హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. నెత్తురుకు ఎరుపు దానివల్లనే. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును అది ఒళ్లంతా మోస్తుంది. ఇనుము లేకపోతే హిమోగ్లోబిన్ తయారు కాదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎందరో ఆడవాళ్లు చాట ముందర పెట్టుకుని బీడీలు చేస్తారు. బీడీకి చుట్టేది తునికాకు. ఎండకాలంలో ఆ ఆకు తెంపడానికి గూడేల, తండాల తల్లులు పొద్దు పొడవకముందే అడవికి పోతారు. పసిబిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. ఏడిస్తే గంజి తాగిస్తారు, చాయ తాగిస్తారు. చాయ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. రెండేళ్లలోపు ఇనుము తక్కువైతే మెదడు ఎదుగుదల దెబ్బ తింటుంది. తర్వాత ఎంత తినిపించినా ఆ లోటు పూర్తిగా తీరకపోవచ్చు.

ఇది ఒక గూడెం బాధ కాదు. 2019-21లో దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువ అని తేలింది.

ఒక తండా తల్లి నర్సమ్మను ఇట్లా అడిగిందనుకోండి.

"మా పిల్ల పుట్టుకతోనే నల్లగుంటది. పాలిపోయిందని నాకెట్ల తెలుస్తది?"

"ఒంటి రంగు చూడకమ్మా. కింది కనురెప్పను మెల్లగ కిందికి గుంజి లోపల చూడు. నాలుక చూడు, అరచేయి చూడు. అవి ఎర్రగుండాలె. తెల్లగుంటే రక్తం తక్కువున్నట్టు. పిల్ల ఆడుకోకుండ మూలకు కూసుంటదా? ఊకె ఏడుస్తదా? అవి గూడ గుర్తులే."

"ఎర్రగనే ఉంటే భయం లేదు గదా?"

"అట్లనుకోకు. కొంచెం తక్కువైతే కంటికి కనపడది. సూదితో వేలి మీద పొడిచి ఒక్క బొట్టు తీసి చూడాలె."

ఆ పరీక్షలో ఒక అంకె వస్తుంది. మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు 11 గ్రాములు గీత. 11 కన్నా తగ్గితే రక్తం తక్కువ. 7 కన్నా తగ్గితే ప్రమాదం, ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అయితే ఈ అంకె ఒక్కటే అంతా చెప్పదు. ఇంట్లో గరిసె ఉంటుంది, పొయ్యి మీద కుండ ఉంటుంది. ముందు గరిసె ఖాళీ అవుతుంది, ఆ తర్వాతే కుండ ఖాళీ అవుతుంది. ఒంట్లో కూడా అంతే. ముందు దాచుకున్న ఇనుము అయిపోతుంది. హిమోగ్లోబిన్ తర్వాత తగ్గుతుంది. గరిసెలో ఎంత ఉందో చెప్పే పరీక్ష పేరు ఫెరిటిన్. జ్వరం ఉన్నప్పుడు ఇది చేస్తే గరిసె ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే బిడ్డకు జ్వరం వచ్చిందా అని డాక్టరు అడుగుతారు. దాచవద్దు.

ఇంకొక మాట. రక్తం తక్కువైన ప్రతి బిడ్డకూ ఇనుమే తక్కువ కాదు. చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగు పాదాల గుండా లోపలికి పోయి పేగుల్లో నెత్తురు తాగుతుంది. మలేరియా వల్ల రక్తం తగ్గుతుంది. గోండులు మొదలైన కొన్ని గిరిజన జాతుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. నెత్తురు కణాలు కొడవలిలా వంగిపోతాయి. ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుంది, ఎవరి తప్పూ కాదు. బిడ్డకు చేతులు, కాళ్లు వాచి నొప్పి పుడితే, కళ్లు పచ్చబడితే దీని పరీక్ష అడగండి. ఈ జబ్బు కోసం 2023 జూలైలో దేశంలో ఒక కార్యక్రమం మొదలయింది. జగిత్యాలలో, సిరిసిల్లలో ఉచిత రక్తపరీక్షల కేంద్రాలు 2021 జూన్‌లో తెరిచారు.

ఇనుమే తక్కువని రూఢి చేసుకునే సులువైన దారి మందే. బిడ్డ బరువు చూసి డాక్టరు ఇనుము మందు రాస్తారు. చెప్పినంత కొలిచి రోజూ తాగించాలి. నెల తర్వాత మళ్లీ వేలి పరీక్ష చేయించాలి. మొదట 9 ఉంది, ఇప్పుడు 10 అయిందనుకోండి. అంటే లోటు ఇనుముదే. మందు ఆపవద్దు, రెండు నెలలు పూర్తిగా తాగించండి. అంకె కదలలేదా? కారణం వేరే ఉండవచ్చు, పెద్దాసుపత్రికి పోవాలి. రెండు అంకెలూ తేదీలతో సహా తల్లీబిడ్డల కార్డు మీద రాయించుకోండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా, రాసింది అక్కడే చదివి చూసుకోండి.

మందు తాగితే బిడ్డ విరేచనం నల్లగా వస్తుంది. భయపడి ఆపేయకండి. సీసా మాత్రం పిల్లల చేతికి అందనియ్యవద్దు. ఒక్కసారే ఎక్కువ తాగితే ప్రాణానికే ముప్పు.