అడిగితేనే ఊరు మనదవుతుంది

ఆత్మకూర్ (ఎస్) నుంచి విదేశానికి చదువుకోవడానికి బయల్దేరే పిల్లలకు ప్రయాణం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలో మేనత్త చెబుతుంది. శంషాబాద్‌కు ఎన్ని గంటల ముందు చేరాలో అన్న చెబుతాడు. దిగిన తర్వాత మొదటి రెండు నెలలు ఎలా గడపాలో మాత్రం ఎవరూ చెప్పరు. ‘‘నాలుగు రోజులు పోతే అదే అలవాటైతది’’ అని ధైర్యం చెప్పి పంపుతారు. ఆ మాట ప్రేమతో అన్నదే, కానీ అందులో నిజం సగమే. రోజులు గడిచినంత మాత్రాన కొత్త చోటు మనదైపోదు. నోరు తెరిచి అడిగినవారికే అది దగ్గరవుతుంది.

ఇది కొందరికే సంబంధించిన విషయం కాదు. 2023-24 విద్యా సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నట్టు ‘ఓపెన్ డోర్స్’ నివేదిక లెక్క తేల్చింది. మన దగ్గర అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలు వచ్చాక రెక్కల కష్టం మీద బతికే ఇళ్ల పిల్లలు కూడా విమానం ఎక్కుతున్నారు. అంబేడ్కర్ విద్యానిధి కింద రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. అయితే ఆ సొమ్ము ఒకేసారి చేతికి రాదు. అక్కడికి చేరినట్టు ఆధారం చూపాక ఒక విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక మరో విడత ఇస్తారు. అంటే ఆ మొదటి సెమిస్టర్‌లో తడబడితే దెబ్బ చదువుతో పాటు డబ్బు మీదా పడుతుంది.

దిగులు మీ లోపం కాదు

కొత్త దేశంలో కలిగే ఈ కలవరానికి శాస్త్రం ఎప్పుడో పేరు పెట్టింది. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో చేసిన ప్రసంగంతో ‘కల్చర్ షాక్’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. మరుసటి ఏడాది, 1955లో, నార్వే సామాజికవేత్త స్వెర్రె లూస్‌గార్డ్ ఫుల్‌బ్రైట్ గ్రాంట్లతో అమెరికా వెళ్లొచ్చిన సుమారు 200 మంది నార్వేవాసుల అనుభవాలపై తన పరిశీలనను ప్రచురించాడు. ఆరు నెలల లోపు ఉన్నవారు, పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవారు బాగానే ఇమిడిపోయామన్నారు. ఆ మధ్యకాలం ఉన్నవారే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన కోలుకోవడం అనే ఈ క్రమం అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

దీని నుంచి రెండు సంగతులు నేర్చుకోవాలి. బాగా చదువుకున్న యూరప్‌వాళ్లకే తప్పని దిగులు మీకు వస్తే అది మీ చేతకానితనం కాదు. ఇక రెండోది, ఎక్స్‌ఛేంజ్ విద్యార్థి గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది. ఒక్క సెమిస్టర్ కోసం వెళ్లినవారికి అక్కడ ఉండేదే నాలుగైదు నెలలు. కాలమే సర్దుతుందని కూర్చుంటే, ఆ కోలుకునే దశ రాకముందే తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. కాబట్టి మొదటి వారం నుంచే చొరవ చేయాలి.

మన నోరు ఎందుకు పెగలదు?

మన కాలేజీల్లో పాఠం అయిపోగానే సారు ‘‘డౌట్లున్నయా?’’ అని అడుగుతారు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో ‘‘లేవు సార్’’ అంటుంది. అర్థం కానివారు కూడా అంటారు. అడిగితే తెలివితక్కువవాళ్లమని పక్కవాళ్లు నవ్వుతారన్న భయం పదేళ్లకే మనలో నాటుకుపోతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి ఇంగ్లిష్ తప్పు దొర్లుతుందన్న బెరుకు తోడవుతుంది. పెద్దవారి ముందు అణకువగా ఉండటం మన సంస్కారం, అది మంచిదే. ఆ అణకువ మాటున అవసరాన్ని కూడా దాచుకోవడం మాత్రం మనకు మనమే చేసుకునే అన్యాయం.

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అన్న సామెత మనదే. విదేశీ విశ్వవిద్యాలయాలు సరిగ్గా ఆ పద్ధతిలోనే నడుస్తాయి. సాయం చేసే మనుషులు, గదులు, వేళలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. మీరు తలుపు తట్టకపోతే మీకు ఏ ఇబ్బందీ లేదనుకుంటారు.

ప్రొఫెసర్‌ను అడగండి

మొదటి క్లాసులోనే ‘సిలబస్’ అని కొన్ని పేజీలు ఇస్తారు. మనకు సిలబస్ అంటే పాఠాల జాబితా. అక్కడ అది ఆ కోర్సు నడిచే ఒప్పందం. ఏ వారం ఏ హోంవర్క్ ఇవ్వాలి, ఆలస్యమైతే ఎన్ని మార్కులు పోతాయి, క్లాసులో మాట్లాడితే ఎన్ని కలుస్తాయి, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ రాత్రే కూర్చొని ప్రతి తేదీనీ ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించండి. మన దగ్గర చివరి పరీక్షకు నెల రోజులు చదివి గట్టెక్కినవారు అక్కడ దెబ్బతినేది ఇక్కడే. వారం వారం వచ్చే చిన్న మార్కులే చివరికి గ్రేడ్ అవుతాయి.

అదే కాగితంలో ‘ఆఫీస్ అవర్స్’ అని ఒక వేళ రాసి ఉంటుంది. విద్యార్థులు వచ్చి అడగడానికే ప్రొఫెసర్ ఆ సమయం కేటాయించి గదిలో కూర్చుంటారు. తప్పు చేసినవారిని పిలిపించే వేళ అనుకొని మనవాళ్లు అటువైపే పోరు. మొదటి రెండు వారాల్లోనే ఒకసారి వెళ్లండి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. ‘‘నేను భారతదేశం నుంచి వచ్చాను. మూడో ప్రశ్న ఇంతవరకు చేశాను, ఈ మెట్టు దగ్గర ఆగిపోయాను’’ అని మీరు రాసిన కాగితం చూపించండి. ‘ఏమీ అర్థం కాలేదు’ అనేదాని కంటే ‘ఇక్కడ ఆగాను’ అనే మాటకు పది రెట్లు మంచి జవాబు దొరుకుతుంది. వెనక్కి వచ్చేటప్పటికి మీ పేరు తెలిసిన మనిషి ఒకరు ఆ క్యాంపస్‌లో ఉంటారు.

ఇంకో సంగతి. స్నేహితుడి అసైన్‌మెంట్ చూసి రాయడం, ఇంటర్నెట్ నుంచి నాలుగు వాక్యాలు తెచ్చి అతికించడం అక్కడ చిన్న తప్పుగా చూడరు. కోర్సులో తప్పించడం నుంచి విశ్వవిద్యాలయం నుంచి పంపేయడం దాకా పోతుంది. ఎంతవరకు కలిసి చర్చించవచ్చో, ఎక్కడి నుంచి సొంతంగా రాయాలో ముందే అడిగి తెలుసుకోండి.

ఆఫీసును అడగండి

వీసా, పని, క్రెడిట్ల విషయంలో గదిలోని స్నేహితుడి సలహా ఎప్పుడూ ఆఖరి మాట కాకూడదు. ప్రతి విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ విద్యార్థుల కోసం ఒక కార్యాలయం ఉంటుంది. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయట చేసే పని నాలుగు డాలర్లు తెస్తుంది, పట్టుబడితే చదువునే తీసుకుపోతుంది. యూరప్‌కు ఎరాస్మస్ ప్లస్ కింద ఎక్స్‌ఛేంజ్‌కు వెళ్తే, అక్కడ చదివే కోర్సులు రాసిన ‘లెర్నింగ్ అగ్రిమెంట్’ మీద మీరు, మీ కాలేజీ, అక్కడి విశ్వవిద్యాలయం ముగ్గురూ సంతకాలు పెట్టుకోవాలి. అక్కడి లెక్కలో సెమిస్టర్‌కు మామూలుగా 30 ఈసీటీఎస్ క్రెడిట్లు ఉంటాయి. అక్కడికి వెళ్లాక కోర్సు మార్చుకుంటే ఆ మార్పుకూ సంతకాలు కావాలి. లేకపోతే తిరిగొచ్చాక ఆ క్రెడిట్లు ఇక్కడ చెల్లకుండా పోవచ్చు.

మన ఇంటిపేర్ల దగ్గరా జాగ్రత్త పడాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు విడివిడిగా లేకుండా మొత్తం ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడ బ్యాంకు, లైసెన్సు, జీతం చెక్కు దాకా అదే వెంటాడుతుంది. ఆత్మకూర్‌లో ఉండగానే సరిచేయించుకోండి.

గది బయటి మనుషులను అడగండి

నలుగురు తెలుగువాళ్లు కలిసి ఉండటం గొప్ప ఊరట. వంట వంతులు, అద్దె పంపకం, జ్వరమొస్తే చారు కాచి ఇచ్చే చేయి, ఇవన్నీ కావాలి. అయితే క్లాసు, గది, తెలుగు సినిమా మధ్యే రోజులు తిరిగితే, రెండేళ్లయినా మీరు ఆ దేశంలో ఉన్నట్టు కాదు. వారంలో ఒక్క పని గది బయట పెట్టుకోండి. వాలీబాల్ కావచ్చు, లైబ్రరీలో పార్ట్‌టైమ్ కావచ్చు, ఒక విద్యార్థి సంఘం కావచ్చు. మనకు చేయాల్సిన పని ఉన్న చోట పరాయితనం తొందరగా కరుగుతుంది.

అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. క్యాంపస్ ఖాళీ అవుతుంది, చాలా చోట్ల మెస్‌లు మూసేస్తారు. చలి, తొందరగా పడే చీకటి, దగ్గరపడ్డ పరీక్షలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ వారానికి ఎవరితో ఉండాలో అక్టోబర్‌లోనే ఏర్పాటు చేసుకోండి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రెండు వారాలు దాటితే విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లండి. ప్రాణం మీదకు ఆలోచన పోతే అమెరికాలో ఏ వేళలోనైనా 988కి ఫోన్ చేయవచ్చు. అలా అడగడం బలహీనత కాదు, బతుకు మీద మమకారం.

ఎల్లాప్రగడ నేర్పేది

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు సుమారు వందేళ్ల కిందట హార్వర్డ్‌లో చదవడానికి బోస్టన్ చేరుకున్నాడు. మద్రాసులో వైద్యం చదివినా అక్కడ వైద్యం చేసే లైసెన్సు లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరి రోగుల మలమూత్ర పాత్రలు కడిగాడు. పగలు చదువుకున్నాడు. ఆ మనిషే సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పేరుతో ప్రపంచమంతా ప్రయోగశాలల్లోకి వెళ్లింది. వచ్చిన పనిని చిన్నతనం అనుకోకపోవడం ఆయన బతుకులో కనిపిస్తుంది. క్యాంపస్ మెస్‌లో గిన్నెలు కడుగుతూ ‘డిగ్రీ చేసి ఈ పనేమిటి’ అని కుంగిపోయే మన పిల్లలు ఆయనను తలచుకోవాలి.

ఇంటికి నిజం చెప్పండి

వేసవిలో చికాగోలో రాత్రి 9 అయితే మనకు మర్నాడు ఉదయం 7.30. అమ్మ పొలం పోయేముందు ఫోన్ చేస్తుంది.

‘‘తిన్నవా బిడ్డా?’’

‘‘తిన్ననే అమ్మా.’’

‘‘సదువు మంచిగున్నదా?’’

‘‘మంచిగున్నదే.’’

తినలేదు, చదువు మంచిగా లేదు. అప్పు తెచ్చి పంపిన వాళ్లను బాధపెట్టకూడదని ఆ అబద్ధం. దానిలోని ప్రేమ నాకు తెలుసు. కానీ ఎప్పుడూ ‘మంచిగున్నదే’ అని చెప్పే బిడ్డ, నిజంగా కష్టం వచ్చిన రోజున ఆ మాట నుంచి బయటికి రాలేడు. ‘‘మొదటి పరీక్షల మార్కులు తగ్గినయమ్మా, సారును కలిసిన, సరిజేసుకుంటున్న’’ అని చెప్పి చూడండి. మీరు అనుకున్నంత మెత్తటివాళ్లు కాదు మీ అమ్మానాన్నలు. వానలు మొహం చాటేసిన ఏళ్లు చూసినవాళ్లు, మీ ఒక్క సి గ్రేడ్‌కు కూలిపోరు. తల్లిదండ్రులూ ‘ఎంత సంపాదిస్తున్నవ్’ అని అడిగే ముందు ‘నీకు అక్కడ ఎవరున్నరు’ అని అడగాలి.

అడిగినవారే చెప్పాలి

కొత్త చోట కుదురుకున్నామని తెలిసేది ఎవరైనా వచ్చి మనల్ని దారి అడిగినప్పుడు. ఏడాది తిరిగేలోగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి ఇంకొకరు అదే క్యాంపస్‌లో దిగుతారు. వారికి మీరు తెలుసుకున్నదంతా చెప్పండి. ఏ ప్రొఫెసర్ ఓపికగా చెబుతారో, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో, ఎక్కడ అద్దె తక్కువో చెప్పండి. మీకు మార్కులు తగ్గిన సంగతి, దిగులుపడ్డ సంగతీ దాచకుండా చెప్పండి. సెలవులకు వచ్చినప్పుడు మీరు చదివిన కాలేజీకి వెళ్లి ఒక గంట పిల్లలతో కూర్చోండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూలలో చదివే విదేశీ విద్యార్థులు మీకు తారసపడితే, వారు అడిగేదాకా ఆగకుండా మీరే పలకరించండి. పరాయి చోట ఒక్క పలకరింపు ఎంత విలువైనదో అప్పటికి మీకంటే బాగా తెలిసినవారు ఉండరు.