ఓనర్ అమెరికాలో, పన్ను పూచీ మీ మీద

హైదరాబాద్ కొండాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, నెలకు 30 వేలు అద్దె అనుకుందాం. ఓనర్ డాలస్‌లో ఉంటారు. తాళాలిచ్చేదీ, అద్దె పడిందో లేదో చూసుకునేదీ ఆయన నాన్నగారు. మన ఊళ్లలో ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. వాటిలో ఉండే చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఆ 30 వేలల్లో 9,360 రూపాయలు ప్రతి నెలా మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు కట్టాల్సింది తామేనని.

ఈ మాట ఎత్తగానే పెద్దాయన నుంచి వచ్చే జవాబు దాదాపు ఒకటే: "మావాడు అక్కడ ట్యాక్స్ కడుతూనే ఉన్నాడు బాబూ, మళ్లీ ఇక్కడెందుకు?" ఇల్లు ఇక్కడుంది కాబట్టి అద్దె ఇక్కడి ఆదాయమే, దానిపై పన్ను వేసే హక్కు మన దేశానిది. ఓనర్ దేశంలో లేడు కాబట్టి ఆ పన్ను పట్టుకునే పనిని చట్టం అద్దెదారుకు అప్పగించింది. 1961 నాటి చట్టంలో ఇది 195వ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి గాని, బాధ్యత మారలేదు. అందరికీ అలవాటైన పాత నంబర్లే ఇక్కడ వాడుతున్నాను.

రేటు 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. ఇక్కడి ఆదాయం 50 లక్షలు దాటిన ఓనరైతే సర్‌చార్జీ అదనం. దీనికి కనీస పరిమితి అంటూ ఏదీ లేదు, అద్దె 8 వేలైనా మినహాయించాల్సిందే. చాలామంది తడబడేది ఇక్కడే. నెల అద్దె 50 వేలు దాటితేనే టీడీఎస్ అనీ, అదీ 2 శాతమేననీ, 26క్యూసీ ఫారంతో పాన్ నంబరు మీదే కట్టేయొచ్చనీ విని ఉంటారు. అది ఓనర్ ఇక్కడి నివాసి అయినప్పటి మాట. ఎన్నారై ఓనర్‌కు 2 శాతం పట్టి కట్టినా మీ బాధ్యత తీరినట్టు కాదు.

ఎన్నారై అవునా కాదా అనేది పాస్‌పోర్టు రంగును బట్టి తేలదు. ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, అంతకు మించి ఇక్కడున్నవారు ఆ ఏటికి నివాసి కిందే లెక్క. అంతకంటే తక్కువైతే మరికొన్ని నిబంధనలు చూడాలి. అద్దెదారు కూర్చుని రోజులు లెక్కపెట్టలేడు గదా, కాబట్టి ఓనర్ చేతే ఏటా రాతపూర్వకంగా తెప్పించుకోండి. అద్దె నాన్నగారి ఖాతాలో వేస్తున్నారా? అగ్రిమెంటుపై సంతకం జీపీఏ హోల్డర్‌దా? అయినా లెక్క మారదు. ఇల్లు ఎవరిదో అద్దె వారిదే. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఉండి, భార్య ఇక్కడే ఉంటే, భర్త వాటాకు మాత్రమే ఈ నిబంధన.

ఇక పని సంగతి. ముందు టాన్ (పన్ను మినహాయించేవారికి ఇచ్చే నంబరు) తీసుకోవాలి. 49బి ఫారం ఆన్‌లైన్లో నింపితే చాలు, ఫీజు వంద రూపాయల లోపే. పట్టిన పన్ను వచ్చే నెల 7వ తేదీలోగా కట్టాలి, మార్చి నెలదానికి ఏప్రిల్ 30 దాకా గడువు. మూడు నెలలకోసారి 27క్యూ రిటర్ను వేసి, ఓనర్‌కు 16ఎ సర్టిఫికెట్ ఇవ్వాలి. అద్దెకుండే మామూలు ఉద్యోగి మీద కంపెనీకి పెట్టినంత పని పెట్టడం నా దృష్టిలో అన్యాయమే. 2 శాతం కట్టేవాడికి ఒక్క ఫారంతో సరిపెట్టినప్పుడు, 31.2 శాతం కట్టేవాడికీ అదే వెసులుబాటు ఎందుకివ్వకూడదు? కానీ ఇవ్వనంత వరకూ తప్పించుకునే వీల్లేదు.

పన్ను పట్టకపోతే ఆ మొత్తం మీ దగ్గరే వసూలు చేస్తారు. నెలకు 1 శాతం వడ్డీ, పన్నుకు సమానమైన పెనాల్టీ దాకా పడొచ్చు. పట్టి కూడా కట్టకపోతే వడ్డీ నెలకు 1.5 శాతం, వ్యవహారం ప్రాసిక్యూషన్ వరకూ పోతుంది. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు.

ఓనర్‌తో గొడవ లేకుండా దీన్ని తేల్చుకునే దారీ ఉంది. పై ఉదాహరణలో ఏటా 1,12,320 రూపాయలు పట్టుకుంటాం. ఓనర్‌కు ఇక్కడ వేరే ఆదాయమేమీ లేకపోతే, 3.6 లక్షల అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలేది 2.52 లక్షలు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకూ పన్నే లేదు. అంటే ఆయన ఇక్కడ రిటర్ను వేస్తే పట్టిందంతా వెనక్కొస్తుంది. అంతదాకా ఆగలేనంటే ఫారం 13తో దరఖాస్తు చేసుకుని, తక్కువ పట్టమనో అసలు పట్టొద్దనో సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అది ఓనర్ చేయాల్సిన పని. ఆ కాగితం చేతికొచ్చే దాకా పూర్తి రేటే పట్టాలి. "తర్వాత తెస్తాను, ఇప్పటికి పూర్తి అద్దె వేసేయండి" అనే మాట చెల్లదు.

అగ్రిమెంటులో ఒక్క వాక్యం మాత్రం కళ్లు పెట్టి చదవండి. "పన్నులన్నీ పోను ఓనర్‌కు 30 వేలు ముట్టాలి" అని ఉంటే పన్ను మీ నెత్తినే పడుతుంది. అప్పుడు అసలు అద్దె సుమారు 43,605గా లెక్కకట్టి, అందులో 13,605 మీరే కట్టాలి. దాని బదులు, టీడీఎస్ పోను చెల్లించినా పూర్తి అద్దె చెల్లించినట్టేనని రాయించుకోండి. తిరిగిచ్చే అడ్వాన్సుపై టీడీఎస్ లేదు. ఖాళీ చేసేటప్పుడు దాన్ని ఆఖరి నెలల అద్దె కింద సర్దేసుకుంటే మాత్రం అదీ అద్దె కిందికే వస్తుంది.

ఇన్నాళ్లూ పట్టకుండా పూర్తి అద్దె ఇచ్చేసినవారు కంగారుపడక్కర్లేదు. ఓనర్ ఆ అద్దెను తన రిటర్నులో చూపి పన్ను కట్టేసి ఉంటే, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణతో 26ఎ ఫారం ఇప్పించుకోండి. అసలు పన్ను మళ్లీ అడగరు, ఓనర్ రిటర్ను వేసిన తేదీ వరకూ వడ్డీ మాత్రం మీరు కట్టాలి. ఓనర్ రిటర్నే వేయలేదంటే నోటీసు వచ్చేదాకా ఆగొద్దు, ఈ వారమే ఆడిటర్‌ను కలవండి.