చదివినవారి సాక్ష్యము

గ్రంథములను గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు గలరు. వ్యాఖ్యాతలు వాని యర్థమును వివరింతురు. విమర్శకులు గుణదోషముల నెన్నుదురు. కాని గ్రంథమును జేతఁబట్టి చదివిన సామాన్యుని మనస్సున నేమి జరిగెనో యతఁడు చెప్పినఁగాని యితరులకుఁ దెలియదు. అట్టి సాక్ష్యములు బ్రిటనుదేశమున దినచర్యలలోను, లేఖలలోను, స్వీయచరిత్రములలోను, పుస్తకముల యంచులమీఁది వ్రాతలలోను విస్తారముగా నిలిచియున్నవి. ఆ దేశపు ఓపెన్ యూనివర్సిటీవారు 1996వ సంవత్సరమున నారంభించి, 1450 మొదలు 1945 వఱకుఁ గల యిట్టి సాక్ష్యములను 30,000లకుఁ బైగా సమకూర్చిరి.

వీనివలనఁ బ్రయోజన మేమని చదువరు లడుగవచ్చును. 1807వ సంవత్సరమున శామ్యూల్ విట్‌బ్రెడ్ అను నతఁడు పేదబిడ్డలకై గ్రామగ్రామమునఁ బాఠశాలలు నెలకొల్పవలెనని పార్లమెంటులో నొక బిల్లు తెచ్చెను. డేవీస్ గిడ్డీ యను సభ్యుఁడు దాని నెదిరించి, చదువు వచ్చినచోఁ బేదలు తమ స్థితిని రోయుదురనియు, మంచి సేవకులుగా నుండరనియు, రాజద్రోహపుఁ గరపత్రములు చదువుదురనియు వాదించెను. బిల్లు దిగువసభలో నెగ్గియుఁ బ్రభువులసభలో నోడిపోయెను. గిడ్డీ పామరుఁడు కాఁడు. తరువాతి కాలమున రాయల్ సొసైటీ కధ్యక్షుఁడైన శాస్త్రజ్ఞుఁడు. అయినను విద్వాంసుఁ డూహించి చెప్పిన మాటను జదివినవారి యనుభవముతో సరిచూడవలసియున్నది.

విలియమ్ కాబెట్ సర్రే మండలములోని ఫార్న్‌హామ్ అను నూర 1763వ సంవత్సరమున నొక చిన్న వ్యవసాయదారునికిఁ బుట్టెను. పదునొకండేండ్ల ప్రాయమునఁ దోఁటపని చేయుచు, క్యూ యను చోట రాజోద్యానము మిక్కిలి సుందరమని విని, కాలినడకన బయలుదేఱెను. రిచ్‌మండు చేరునప్పటి కతనియొద్ద మూఁడు పెన్నీలు మాత్రమే మిగిలెను. అచ్చటి యంగడి కిటికీలో స్విఫ్ట్ రచించిన ‘ఎ టేల్ ఆఫ్ ఎ టబ్’ కనఁబడెను. దాని వెలయు మూఁడు పెన్నీలే. పుస్తకము కొన్నచో నారాత్రి భోజనము లేదు. బాలుఁడు పుస్తకమునే కొని, గడ్డివామి ప్రక్కఁ గూర్చుండి చీఁకటిపడువఱకుఁ జదివి, యచ్చటనే నిద్రించెను. అందుఁ గొంతభాగము తన కర్థమే కాలేదనియు, అయినను దన బుద్ధి యానాఁడే జన్మించెననియు నతఁడు పెద్దవాఁడైన పిదపఁ జెప్పుకొనెను.

థామస్ కూపర్ గెయిన్స్‌బరో పట్టణమునఁ జెప్పులు కుట్టి జీవించినవాఁడు. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే లాటిను, గ్రీకు, హీబ్రూ, ఫ్రెంచి భాషల మూలాంశములు నేర్వవలెననియు, మిల్టను రచించిన ‘పారడైజ్ లాస్ట్’ను, షేక్స్‌పియరు నాటకములలో నేడింటిని గంఠస్థము చేయవలెననియు నతఁడు నిశ్చయించుకొనెను. తెల్లవాఱకమునుపే లేచి చదువును. పని చేయుచునే వల్లించును. శరీర మా శ్రమ నోర్వలేక 1827వ సంవత్సరమున మంచమెక్కెను. ఈ సంగతు లతని స్వీయచరిత్రమునఁ గలవు.

గిడ్డీ భయము పూర్తిగా నసత్యమా? కాదు. కాబెట్ పత్రికాధిపతియై, ఈలీ పట్టణమున సైనికులను గొరడాలతోఁ గొట్టించుటను ఖండించి, 1810వ సంవత్సరమున రెండేండ్ల చెఱసాల శిక్ష పొందెను. కూపర్ కార్మికుల కోటుహక్కు గోరిన చార్టిస్టు నాయకుఁడై 1843 మొదలు 1845 వఱకు స్టాఫర్డు చెఱసాలలో నుండెను. చదివిన పేదవాఁడు తన స్థితిని రోసినమాట నిజమే. కాని యతఁడు రోసినది తన శ్రమను గాదు, తనకుఁ జేసిన యన్యాయమును. చార్టిస్టు లడిగిన యాఱు కోరికలలో, ఏటేటఁ బార్లమెంటు నెన్నుకొనవలెనన్నది తప్పఁ దక్కిన యైదును 1918వ సంవత్సరమునాఁటికిఁ జట్టములలోఁ జేరినవి. నాఁడు రాజద్రోహమనఁబడినది తరువాత రాజ్యాంగ మయ్యెను.

ఇఁక విద్య కొదువలేని యింటి సాక్ష్యము నొకదానిని జూతము. జాన్ స్టూఅర్ట్ మిల్ మూఁడేండ్ల వయస్సుననే తండ్రియొద్ద గ్రీకుభాష నారంభించెను. ఇరువదియేండ్ల ప్రాయమున, అనఁగా 1826వ సంవత్సరమున, అతని మనస్సు శుష్కించి, యేపనియందును సంతోషము లేకపోయెను. మార్మాంటెల్ అను ఫ్రెంచి రచయిత స్వీయచరిత్రములోఁ దండ్రి చనిపోఁగా బాలుఁడు కుటుంబభారమును దనమీఁద వేసికొను ఘట్టము చదివి కన్నీరు విడిచెను. తనలో హృదయ మింకను జావలేదని నాఁడు గ్రహించెను. బైరను కావ్యములు చదివి చూడఁగా నేమియు లాభము లేకపోయెను. 1828వ సంవత్సరమున వర్డ్స్‌వర్తు పద్యము లతనికి మందువలెఁ బనిచేసినవి. వర్డ్స్‌వర్తు కంటె గొప్ప కవులు గలరని యతఁడే యొప్పుకొనెను. కాని యా సమయమున దన కక్కఱపడినవాఁ డీతఁడేయని చెప్పెను. కావున గ్రంథము గొప్పతనము వేఱు, చదువరికి దానివలనఁ గలుగు మేలు వేఱు.

ఒకే గ్రంథ మందఱికి నొక్కరీతిగాఁ దోఁపదు. జేన్ ఆస్టెన్ 1814వ సంవత్సరమున ‘మాన్స్‌ఫీల్డ్ పార్కు’ నవలను బ్రకటించి, బంధుమిత్రు లేమనుకొనిరో కాగితముమీఁద వ్రాసిపెట్టుకొనెను. కథానాయిక కొందఱికిఁ బ్రియమయ్యెను. రచయిత్రి తల్లికే యామె చప్పగాఁ దోఁచెను. ఆస్టెన్ పొగడ్తలతోఁబాటు తల్లిమాటనుగూడ దాఁచక వ్రాసెను.

అయినను సాక్ష్యమంతయు సమానము గాదు. కాబెట్ ఏఁబదియేండ్లు దాటినపిదపను, కూపర్ అఱువదియేండ్లు దాటినపిదపను దమ బాల్యమును జెప్పిరి. జ్ఞాపకము గతమునకు రంగు వేయును. శామ్యూల్ పెపీస్ 1660 మొదలు 1669 వఱకు దినచర్యను సంకేతలిపిలో వ్రాసెను. 1668వ సంవత్సరమున నొక యశ్లీలమైన ఫ్రెంచి గ్రంథము చదివి, లోకపు దుష్టత్వము తెలిసికొనుటకై గంభీరుఁడు గూడ నొకసారి చదువవచ్చునని తనకుఁ దానే సమాధానము చెప్పుకొని, తన పుస్తకములలోఁ గనఁబడిన నవమానమని దానిని గాల్చివేసెను. ఆ సాకునుగూడ వ్రాసియుంచుటచేతనే యతని సాక్ష్యము విశ్వాసార్హమైనది. ప్రశంస కొఱకు వ్రాయని మాటకు బరువెక్కువ.

చదువరులారా! వీనినుండి నేర్వవలసినవి రెండు. ఇతరుఁ డేమి చదువఁదగునో, చదివిన నేమగునో ముందే తీర్పు చెప్పకుఁడు. 1807వ సంవత్సరమున గిడ్డీ యట్టి తీర్పే చెప్పెను. మఱియు మీరు చదివినదానిని గూర్చి తేదీ వేసి వ్రాసికొనుఁడు: అర్థమైన దేది, కానిదేది, మనస్సు మాఱినదెచ్చట, విసుగు కలిగినదెచ్చట. గొప్ప గ్రంథమని లోకము చెప్పినంతమాత్రమున రాని యానందమును వచ్చినట్లు వ్రాయకుఁడు. మీ యనుభవమునకు మీరొక్కరే సాక్షులు. సాక్షి యబద్ధమాడినచో సరిచెప్పువా రెవ్వరును లేరు.