సుడిదోమ పెరుగుదల – దాని హద్దులు

(వ్యవసాయాధికారి, బి.ఎస్సి. అగ్రికల్చర్)

ఏ జీవియైనను తన సంతతిని పెంచుకొనుటకే చూచును. ఒక వరి గింజ నాటిన వందల గింజలగును. ఒక జత ఎలుకలు ఏడాది తిరుగునప్పటికి పెద్ద మంద యగును. పుట్టినదంతయు బ్రతికి, మరల పిల్లలను కనుచు పోయినచో భూమిమీద మరొక ప్రాణికి కాలుమోపు చోటుండదు. కాని అట్లు జరుగుట లేదు. పుట్టుకకు తగిన చావు కూడ ప్రకృతిలో ఉండుటయే దీనికి కారణము. ఆహారము, చోటు, వాతావరణము, శత్రువులు, రోగములు – ఇవి ప్రతి జీవి సంఖ్యకును హద్దులు.

ఇంగ్లండు దేశమున మాల్థస్ అను పండితుడు 1798లో మానవ జనాభాను గురించి వ్రాయుచు, జనము గుణకారపు లెక్కన పెరుగుననియు, ఆహారము కూడిక లెక్కన మాత్రమే పెరుగుననియు చెప్పెను. మనుష్యుల విషయమున ఆ మాట ఎట్లున్నను, పురుగుల విషయమున గుణకారపు లెక్క ఎంత వేగముగా నడచునో వరి రైతులకు సుడిదోమ చూపించుచునే ఉన్నది.

ఒక అనుభవము

నేను ఉద్యోగమున చేరిన తొలి సార్వాలో గోదావరి డెల్టాలోని ఒక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదను. పిలకల దశలో ఒక కౌలు రైతు చేనిలో ఆకుముడత పురుగు అక్కడక్కడ కనిపించినది. ఆయన తొందరపడగా నేనును తొందరపడి, సింథటిక్ పైరిత్రాయిడ్ జాతి మందును రెండు వారముల తేడాతో రెండుసార్లు కొట్టుమని సలహా ఇచ్చితిని. ఆకుముడత పోయినది. చేను నల్లగా ఎదిగి కంటికి ఇంపుగా ఉన్నది. ఈనిక ముగిసిన కొలది రోజులకే చేను నడుమ గుండ్రముగా సుడులు పడి పైరు ఎండిపోయినది. ప్రక్క చేను రైతు చేతిలో డబ్బు లేక మందు కొట్టలేదు. ఆయన చేనిలో సుడులు పడలేదు.

"ఏమండీ ఆఫీసరు గారూ, మందు కొట్టిన చేను మాడిపోయి, కొట్టని చేను నిలిచిందేమండీ?" అని ఆ కౌలు రైతు నన్ను అడిగెను. నాకు నోట మాట రాలేదు. ఆ పంటలో ఆయనకు కౌలు గింజలు కూడ దక్కలేదు. తప్పు ఆయనది కాదు, నా సలహాది. ఆ ప్రశ్నకు సమాధానమును తరువాత పుస్తకములు తిరగవేసి, చేలలో దుబ్బులు తట్టి తెలిసికొంటిని. దానినే ఇక్కడ వివరించుచున్నాను.

ఒక తల్లి దోమ లెక్క

సుడిదోమ ఆకులపైన గాక, దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన గుంపుగా చేరి రసము పీల్చును. తల్లి దోమ ఆకు తొడుగు కణజాలములో గ్రుడ్లు దాచును. వారము పది రోజులలో గ్రుడ్లు పగిలి పిల్ల దోమలు బయటికి వచ్చును. అవి ఐదుసార్లు కుబుసము విడిచి, సుమారు రెండు వారములలో పెద్ద దోమలగును. గ్రుడ్డు మొదలు మరల గ్రుడ్డు వరకు ఇంచుమించు నెల రోజులు. నాట్లకును కోతకును నడుమ మూడు తరములు గడచును.

ఒక తల్లి 200 గ్రుడ్లు పెట్టినదనుకొందము. అన్నియు బ్రతికి, అందులో సగము ఆడవైనచో మొదటి తరమున 100 తల్లులు. రెండవ తరమున 10,000. మూడవ తరమున 10,00,000. మగవానితో కలిపి 20 లక్షల దోమలు. 20 సెం.మీ. వరుసలలో 15 సెం.మీ. దూరమున నాటిన ఎకరములో సుమారు 1,35,000 దుబ్బులుండును. అనగా ఎకరము మొత్తము మీద ఒకే ఒక్క తల్లి వ్రాలినను, కోతకు ముందు ప్రతి దుబ్బునకు 15 దోమలు కావలెను.

అట్లెన్నడును జరుగదు. పుట్టిన వానిలో అత్యధిక భాగము చచ్చుచున్నది. ఎన్ని చచ్చుచున్నవి అనుటలోనే కీలకము ఉన్నది. ఈ మూడు లెక్కలను చూడుడు:

200లో 198 చచ్చినచో – మిగిలినవి 2. తల్లి స్థానమున తల్లి, తండ్రి స్థానమున తండ్రి. సంఖ్య పెరుగదు, తరుగదు.

200లో 190 చచ్చినచో – మిగిలినవి 10, అందులో తల్లులు 5. మూడు తరములకు ఒక తల్లి 125 తల్లులగును.

200లో 180 చచ్చినచో – తల్లులు 10. మూడు తరములకు 1,000.

నూటికి 99 చచ్చినచో చేను క్షేమము. నూటికి 90 మాత్రమే చచ్చినచో వెయ్యి రెట్లు. చావులో స్వల్పమైన తగ్గుదల సంఖ్యలో ఇంత పెరుగుదలను తెచ్చును. నూటికి 99 దోమలను చంపుచున్న ఆ కూలివాండ్రెవరో తెలిసికొనక మనము మందు పట్టుకొనరాదు.

చేనిలోని కాపలాదారులు

హద్దులు రెండు విధములు. వాన, ఎండ, గాలి మొదలగునవి దోమలు కొద్దిగా ఉన్నవా, విస్తారముగా ఉన్నవా అని చూడవు. మిత్ర పురుగులు అట్లు గాక, దోమ పెరిగిన కొలది తామును ఎక్కువ తినును, తామును పెరుగును. సంఖ్యను అదుపులో ఉంచు శక్తి ముఖ్యముగా వీనిదే.

గూడు అల్లక నేలపైనను, దుబ్బుల నడుమను పరుగెత్తుచు వేటాడు సాలీడు రోజుకు 5 నుండి 15 పురుగులను పట్టి తినును. ఆకుపచ్చని మిరిడ్ నల్లి ఆకు తొడుగులోని గ్రుడ్లను సయితము పీల్చివేయును. మడిలోని నీటిపై తిరుగు చిన్న పురుగులు జారిపడిన పిల్ల దోమలను పట్టుకొనును. కంటికి ఆనని కందిరీగ జాతి పురుగులు దోమ గ్రుడ్లలో తమ గ్రుడ్లను పెట్టును. తూనీగలు పైనుండి వేటాడును.

దోమ రాకముందు ఈ సాలీడులు ఏమి తిని బ్రతుకును? మడిలో కుళ్లుచున్న ఆకు అలములను తిని పెరుగు చిన్న పురుగులే వానికి తొలి ఆహారము. అవి పైరునకు ఏ హానియు చేయవు. జావా ద్వీపములోని వరి మడులలో జరిపిన పరిశోధనలు ఈ సంగతిని స్పష్టము చేసినవి. నాటిన తొలి నెలలో కొట్టిన మందు ఈ తిండిని, తినువానిని రెంటిని పోగొట్టును. తొడుగులోపల దాగిన దోమ గ్రుడ్లు మాత్రము తప్పించుకొనును. వారము తిరుగకముందే అవి పగిలి, పిల్ల దోమలు కాపలా లేని చేనిలోనికి వచ్చును. మా కౌలు రైతు చేనిలో జరిగినది ఇదియే.

ఇది ఒక్క చేనికే జరిగినది కాదు. ఇండొనీషియా 1984లో బియ్యమున స్వయంసమృద్ధి సాధించెను. అప్పటి ప్రభుత్వము పురుగుమందులకు పెద్ద మొత్తమున రాయితీ ఇచ్చుచుండెను. రెండేండ్లలోనే జావాలో సుడిదోమ విజృంభించెను. 1986 నవంబరులో ఆ దేశాధ్యక్షుడు వరిపై 57 రకముల మందుల వాడకమును నిషేధించెను. పిమ్మట రాయితీలు కూడ తొలగింపబడెను. మందుల వాడకము తగ్గినను వరి దిగుబడి తగ్గలేదు.

చివరి హద్దు – పైరే

శత్రువులు లేనప్పుడు దోమకు మిగిలిన హద్దు ఆహారము. అనగా మన పైరు. గుంపు క్రిక్కిరిసి, పైరు ముదిరినప్పుడు పొడవు రెక్కల దోమలు ఎక్కువగా తయారై మరొక చేను వెదకికొనుచు ఎగిరిపోవును. అచ్చట మెత్తని పైరు దొరకిన పిదప వాని సంతతిలో పొట్టి రెక్కల తల్లులు పుట్టి విస్తారముగా గ్రుడ్లు పెట్టును. కనుక నా చేనిలో మిగిలిన దోమ పొరుగువాని చేనికి విత్తనము. పైరు ఎండిన తరువాత దోమ తగ్గుట నిజమే గాని, ఆ హద్దు వలన రైతునకు లాభము లేదు. పైరు హద్దు కాకముందే మనము హద్దు వేయవలెను.

రైతులు చేయవలసిన పనులు

1. యూరియాను సిఫారసు మేరకే, మూడు దఫాలుగా వేయవలెను. నత్రజని మిక్కిలియైన మెత్తని పైరుపై దోమ ఎక్కువ గ్రుడ్లు పెట్టును, ఎక్కువ పిల్లలు బ్రతుకును.

2. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు తీయవలెను. గాలి, వెలుతురు దుబ్బు మొదటికి చేరును. మందు కొట్టవలసివచ్చినను బాట ఉపయోగపడును.

3. దోమ తరచు వచ్చు భూములలో విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి తట్టుకొను రకములను ఎన్నుకొనవలెను. ఊరంతయు ఏండ్ల తరబడి ఒకే రకమును వేయరాదు. 1973లో విడుదలైన ఐ.ఆర్. 26 మొదట దోమను తట్టుకొనినను, కొలది సంవత్సరములలోనే ఫిలిప్పైన్స్, ఇండొనీషియా దేశములలో దోమ దానికి అలవాటు పడెను.

4. ఒక కాలువ క్రింది రైతులందరు ఇంచుమించు ఒకే కాలమున నాట్లు వేసికొనవలెను. ముందు వెనుకలైనచో దోమకు ఎల్లప్పుడు లేత పైరు దొరకును.

5. వారమునకొకసారి చేనిలో అక్కడక్కడ ఇరువది దుబ్బులను వంచి తట్టి, నీటిపై పడిన దోమలను, సాలీడులను, మిరిడ్ నల్లులను లెక్కింపవలెను. పిలకల దశలో దుబ్బునకు 10–15, ఈనిక దశలో 20–25 దోమలు మించినప్పుడే మందు అవసరము. మిత్ర పురుగులు దండిగా ఉన్నచో రెండు మూడు రోజులు ఆగి మరల లెక్కింపుడు.

6. దోమ కనిపించినప్పుడు మడిలోని నీరు తీసివేసి కొలది రోజులు ఆరబెట్టవలెను.

7. మందు తప్పనప్పుడు లీటరు నీటికి బుప్రోఫెజిన్ 1.6 మి.లీ. గాని, పైమెట్రోజైన్ 0.6 గ్రాములు గాని కలిపి, దుబ్బు మొదళ్లు తడియునట్లు కొట్టవలెను. పైరిత్రాయిడ్ మందులను వరిపై వాడరాదు; వాని తరువాత దోమ ఉధృతి పెరుగును.

ఆ కౌలు రైతు ఇప్పుడును వరి సాగు చేయుచునే ఉన్నాడు. నేను ఆ ఊరు వెళ్లినప్పుడు ఆయన మందు పేరు అడుగడు. నన్ను గట్టు దింపి, దుబ్బు వంచి తట్టి, "సాలీళ్ళు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి బాబూ" అనును. రైతు సోదరులందరును ఆ లెక్క ముందు చూచుకొని, ఆ తరువాతనే స్ప్రేయరు భుజమున వేసికొందురు గాక.