పొరలు చదివితే చమురు జాడ



కోనసీమలో బస్సులో వెళ్తుంటే కొబ్బరితోటల మధ్య గ్యాస్ బావులు కనిపిస్తాయి. "సరిగ్గా ఇక్కడే గ్యాస్ ఉందని వీళ్లకెలా తెలిసింది?" అని మీరెప్పుడైనా ఆలోచించారా? మన ఊళ్లో ఒక బోరులో నీళ్లు పడకపోతే ఆ రైతు అప్పులపాలవుతాడు. సముద్రంలో చమురు బావి తవ్వాలంటే ఒక్కదానికే కోట్ల రూపాయలు కావాలి. అందుకే తవ్వే ముందు రాళ్లను చదవాలి.

చమురు దొరకాలంటే ఏం కావాలి?

1. మూల శిల: జీవపదార్థం కలిసిన నల్లటి బురదరాయి. సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో అది చమురునిస్తుంది. ఇంకా వేడెక్కితే గ్యాస్ వస్తుంది. తక్కువ లోతులో సూక్ష్మజీవుల వల్ల కూడా గ్యాస్ పుడుతుంది.
2. నిల్వ శిల: సందులున్న ఇసుకరాయి వంటిది.
3. మూత శిల: చమురును పైకి పోనివ్వని రాయి.
4. ఉచ్చు: చమురు ఒకచోట ఆగి నిలిచే ఆకారం. చమురు కదలక ముందే ఇది ఏర్పడి ఉండాలి.

ఇవి ఎక్కడ ఉంటాయో ఊహించడానికి ఉపయోగపడేదే సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ. 1977లో పీటర్ వేల్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలు దీనికి పునాది వేశాయి.

సముద్రం చెప్పే కథ

సముద్రమట్టం ఎప్పుడూ ఒకేలా ఉండదు. సుమారు 20 వేల ఏళ్ల క్రితం, మంచుయుగంలో, అది ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. మట్టం తగ్గినప్పుడు నదులు తీరాన్ని కోసుకుంటూ ఇసుకను లోతైన సముద్రానికి చేరుస్తాయి. అదే రేపటి నిల్వ శిల. మట్టం పెరిగినప్పుడు తీరం వెనక్కి జరిగి, ఇసుకపై సన్నని బురద పరచుకుంటుంది. అది మూత శిల అవుతుంది. జీవపదార్థం దండిగా ఉంటే మూల శిల కూడా అవుతుంది. పెరుగుదల నెమ్మదించాక డెల్టా మళ్లీ సముద్రం వైపు పెరుగుతుంది. ఇలా రెండు కోత ఉపరితలాల మధ్య ఉండే పొరల వరుసనే ఒక సీక్వెన్స్ అంటారు.

భూకంప తరంగాల వంటి ధ్వని తరంగాలను భూమిలోకి పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో ఈ పొరల చిత్రం గీస్తారు. బావిలో గామా కిరణాల కొలత తీస్తే బురదరాయికి ఎక్కువగా, శుభ్రమైన ఇసుకరాయికి తక్కువగా వస్తుంది. రెండూ కలిపి చూసి, ఏ పొర ఏ దశదో నిర్ణయిస్తారు.

మన కృష్ణా-గోదావరి బేసిన్

ఇక్కడ క్రెటేషియస్ కాలపు రాఘవాపురం బురదరాయిని ముఖ్యమైన మూల శిలగా గుర్తించారు. బంగాళాఖాతంలో డీ-6 బ్లాకులో 2002లో గ్యాస్ దొరికింది. అది లోతైన నీటి కింద, పురాతన కాలువల ఇసుకలో నిండి ఉంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కానీ డీ-1, డీ-3 క్షేత్రాల్లో అది అనుకున్న స్థాయికి చేరకుండానే పడిపోయి, 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

ఇందులో పాఠం ఉంది. పొరల చిత్రం "ఇసుక ఇక్కడ ఉండవచ్చు" అని చెబుతుంది. ఆ ఇసుక ఎంత దూరం కలిసి ఉందో, ఎంత గ్యాస్ వస్తుందో బావులే చెప్పాలి. కనుక అంచనాను అంచనాగానే చూడాలి.

మిత్రులారా, గోదావరి లంకలో గట్టు తెగినచోట కనిపించే ఇసుక, ఒండ్రు పొరలు కూడా ఇదే పుస్తకంలోని పేజీలు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక్కసారి ఆగి లెక్కపెట్టండి. అడుగున ఉన్నదే మొదట పడింది. అక్కడినుంచే చదవడం మొదలుపెట్టండి.